వరదొస్తే జనరేటర్‌కు పెట్రోల్ ఎలా తెచ్చుకోవాలి?

మాది కర్నూలు, హంద్రీ ఒడ్డుకు దగ్గర్లోనే ఇల్లు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి ఊరు మునిగినప్పుడు పడిన అవస్థ ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. ఇప్పుడు మా నాయనకు ఆక్సిజన్ కాన్సెంట్రేటర్ లేనిదే రాత్రి గడవదు. అందుకే చిన్న పెట్రోల్ జనరేటర్ కొన్నాం.

నా టెన్షన్ అంతా పెట్రోల్ తేవడం గురించే. నీళ్లు తీసినా దగ్గరి బంకులు వెంటనే తెరుస్తారన్న నమ్మకం లేదు, దూరం పోవాల్సిందే. మా వీధిలో కొందరు మంచినీళ్ల ప్లాస్టిక్ క్యాన్‌లో పోయించుకుని స్కూటర్ మీద కాళ్ల మధ్య పెట్టుకుని వస్తారు. అది చూస్తేనే నాకు గుండె దడ. డీజిల్ కొంత నయం గానీ, పెట్రోల్ ఎంత చలిలోనైనా మండే ఆవిరి వదులుతూనే ఉంటుంది.

సొంత వాడకానికి 30 లీటర్ల దాకా లైసెన్స్ అక్కర్లేదని చట్టంలోనే ఉంది. డబ్బాను బండి మీద ఉంచకుండా నేల మీద దించి పోయించాలని, పైన కాస్త ఖాళీ వదలాలని చదివాను. స్టాటిక్ కరెంటు నిప్పురవ్వ ఒక్కటి చాలట.

అన్నా, అక్కా, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. మూత గట్టిగా పట్టే 20 లీటర్ల ఇనుప జెర్రీ క్యాన్ కర్నూల్లో ఎక్కడ దొరుకుతుంది? తేవడానికి కారు డిక్కీ కంటే వెనక తెరిచి ఉండే ట్రాలీ ఆటో మేలు కదా? గుంతల రోడ్డులో క్యాన్ పడిపోకుండా దేనితో కడతారు? బంకు వాళ్లు విడిగా డబ్బాలో పోయం అంటే ఎవరి లెటర్ చూపించాలి, తహసీల్దార్‌దా, పోలీసులదా?