సమస్యాపూరణం: గూడు లేని పిట్ట గుడ్డు పెట్టె

నిర్వాహకుడు (బరంపురం):
మిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య ఇది.

గూడు లేని పిట్ట గుడ్డు పెట్టె

ఆటవెలదిలో రెండో పాదంగానో నాలుగో పాదంగానో పెట్టుకోండి. అరసున్నలు పెట్టినా మానేసినా పట్టింపు లేదు. షరతు ఒక్కటే. పోయిన వారం పూరణల్లో హంసలు ఏడు, చకోరాలు నాలుగు వచ్చాయి, కాకిని మాత్రం ఒక్కరూ తలచుకోలేదు. మనమంతా ఉండేది బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం శివార్లలో. అమ్ముడుపోని ప్లాట్లలో తుమ్మి, పల్లేరు, గలిజేరు, వయ్యారిభామ మోకాలెత్తు లేచి ఉంటాయి. తెల్లారేసరికి వాటి మధ్య ఏదో ఒకటి కూస్తూనే ఉంటుంది. ఈసారి మీరు కళ్ళారా చూసిన పిట్టే పద్యంలోకి రావాలి. ఎక్కడ చూశారో, చుట్టూ ఏ మొక్కలున్నాయో ఒక ముక్క రాయండి. మొక్క పేరు తెలుగులో తట్టకపోతే ఒడియా పేరైనా సరే. మా వీధిలో గలిజేరు అంటే ఎవరికీ తెలియదు, పురుణి శాగ అంటేనే కూరగాయలావిడ కట్ట తీసి ఇస్తుంది.

రాయగడ మిత్రుడు:
మొదటి బోణీ నాదే మాస్టారూ.

వాన చినుకు కొఱకు వాపోవు చాతకి
మబ్బు వంక చూచి మనసు పడియె
ఇల్లు మఱచి తిరిగె నీరీతి నెల్లెడ
గూడు లేని పిట్ట గుడ్డు పెట్టె

నిర్వాహకుడు:
గణాలు శుభ్రంగా ఉన్నాయి. మూడో పాదంలో 'తిరిగెన్ + ఈరీతి' అని విడదీసి ఇ-ఈలకు యతి కుదిర్చారు, బాగుంది. ఇంతకీ మీరు చాతకాన్ని చూశారా?

రాయగడ మిత్రుడు:
అబద్ధం ఎందుకు, చూడలేదు. పుస్తకాల్లో చదివిందే.

నిర్వాహకుడు:
అయితే పద్యానికి వంక లేదు, పద్యంలో పిట్ట లేదు. పోనీ చాతకం కల్పితమా అంటే అదీ కాదు. నలుపు తెలుపుల ఒళ్ళు, నెత్తిన జుట్టు, వానల ముందు వచ్చే కోకిల జాతి పిట్ట. అది నిజంగానే గూడు కట్టదు. గుంపుగా తిరిగే బూడిదరంగు పిట్టలు ఉంటాయే, ఏడుగురు అప్పచెల్లెళ్ళంటాం, వాటి గూళ్ళలో గుడ్డు పెట్టి పోతుంది. మీ చేతిలో అసలైన జవాబు ఉండగా దాన్ని మబ్బుల కేసి చూపించి వదిలేశారు. మీ ఇంటి వెనక లంటానా పొదల్లో ఆ అప్పచెల్లెళ్ళు తిరుగుతుంటే జూన్‌లో ఓ కన్నేసి ఉంచండి.

గంజాం కుర్రాడు:
సార్, ఇది నా రెండో పద్యం. తప్పులుంటే తిట్టండి కానీ మరీ గట్టిగా వద్దు.

ఋషికుల్య యొడ్డున రేయివేళ వచ్చి
గుంట తవ్వి కప్పి గుట్టుగాను
సంద్రమునకు మరలె సాగర కూర్మము
గూడు లేని పిట్ట గుడ్డు పెట్టె

మార్చిలో నేనూ మా ఫ్రెండ్సూ వెళ్ళి చూశాం. ఒక్కో తాబేలు వందకు పైగా గుడ్లు పెడుతుందట. అడుగు తీసి అడుగు వెయ్యడానికి చోటు లేదు.

పర్లాకిమిడి తాతగారు:
బాబూ, తాబేలు ఎప్పటినుంచి పిట్ట అయిందిరా?

గంజాం కుర్రాడు:
గూడు లేదు, గుడ్డు పెట్టింది. రెండు మార్కులు వస్తాయనుకున్నాను తాతగారూ.

నిర్వాహకుడు:
కూర్మావతారం, గరుడవాహనం రెండూ ఆ స్వామివేలే కదా అని సరిపెట్టుకుందాం. చూసింది రాశావు, అందుకు మెచ్చుకోవాలి. ఇక తప్పు సంగతి. ఆటవెలది మొదటి మూడు గణాలూ సూర్యగణాలు కావాలి. 'ఋషికుల్య' అంటే రెండు లఘువులు, ఒక గురువు, ఒక లఘువు. అది సలం, ఇంద్రగణం. పాదం మొదట కూర్చోదు. అదే మాటను నాలుగో గణానికి తీసుకుపోతే చక్కగా సర్దుకుంటుంది:

ఇసుకతిన్నె చేరి ఋషికుల్య మొగలోన

ఋకారానికి ఇకారంతో యతి చెల్లుతుంది. నీకు కావలసిన పిట్ట కూడా దొరుకుతుంది. ఏటి ఇసుకలో చేతివేలితో గీసినంత గుంటలో గుడ్లు పెట్టే టెర్న్ పిట్టలున్నాయి. తాబేలుకోసం వెళ్ళినవాడు పగటిపూట కూడా ఒకసారి వెళ్ళాలి మరి. దూరంనుంచే చూడు, ఆ గుడ్లు ఇసుకరంగులో ఉంటాయి, కాలికింద పడితే తెలియదు.

ఛత్రపురం మిత్రుడు:
మా పెరటి కానుగచెట్టు మీద కాకి గూడు ఉంది. కోకిల రోజూ వస్తోంది. అదే రాశాను.

కాకి కట్టుకొనిన కానుగ కొమ్మపైఁ
గోకిలమ్మ చేరి గొంతు విప్పె
గుట్టు దెలియదాయె గూటిలోఁ గాకికి
గూడు లేని పిట్ట గుడ్డు పెట్టె

పర్లాకిమిడి తాతగారు:
ఆహా, కోకిలమ్మ గొంతు విప్పిందట! వసంతం దిగినట్టే ఉంది.

నిర్వాహకుడు:
ఇక్కడ కాస్త ఆగుదాం. మొదటి పాదంలో కాకి ఏం కట్టుకుందో లేదు, కర్మ జారిపోయింది. అది చిన్న విషయం. పెద్ద విషయం రెండో పాదం. కుహూ అని పాడేది కోకిలమ్మ కాదు, కోకిలయ్య. నిగనిగలాడే నలుపు, ఆ గొంతు రెండూ మగదానివే. ఆడది గోధుమరంగు ఒంటిమీద తెల్లటి చుక్కలతో ఉంటుంది. అది కిక్‌కిక్ అని కీచుగా అరవడమే తప్ప పాడదు. వెయ్యేళ్ళుగా ఆడకోకిలకు మగదాని పాట అంటగడుతున్నాం. మీ కానుగచెట్టు మీద ఉన్నది ఏ రంగుదో చూసి చెప్పండి.

ఛత్రపురం మిత్రుడు:
నిన్న సాయంత్రం, ఇవాళ పొద్దున కూర్చుని చూశాను. పాడేది నల్లదే. ఈరోజు ఇంకోటి కూడా కనిపించింది, చుక్కలది. ఇన్నాళ్ళూ దాన్ని వేరే జాతి అనుకున్నాను. నల్లది ఎదుటి కొమ్మమీద వాలి కూస్తుంటే కాకులు రెండూ దాన్ని తరుముకుంటూ పోయాయి. చుక్కలది ఆకుల్లోంచి సర్రున గూటి దగ్గరికి వెళ్ళింది. లోపల ఏం చేసిందో కనపడలేదు. పద్యం మొత్తం మార్చేశాను.

కోకిలయ్య యెగిరి కొమ్మపైఁ గూయఁగాఁ
గాకి వెంటఁ బడియెఁ గసరుకొనుచు
సందు చూచి దూరి చడిచప్పుడే లేక
గూడు లేని పిట్ట గుడ్డు పెట్టె

నిర్వాహకుడు:
ఇదీ పద్యం! 'కసరుకొనుచు' అన్న మాట దగ్గర కాకి గొంతు వినపడుతోంది. మూడో పాదంలో స-చ యతి కూడా దిట్టంగా ఉంది. ప్రతిసారీ మగకోకిల ఇలా ఏమార్చదు, చాలాసార్లు ఆడది ఒంటరిగానే పని కానిచ్చుకుంటుంది. మీకు మాత్రం నాటకం మొత్తం దొరికింది. కోకిల పిల్ల కాకి పిల్లలకంటే ముందే గుడ్డు పగలగొట్టుకుని బయటికి వస్తుంది. మరో రెండు వారాలు ఆ చెట్టు వదలకండి.

గుణుపురం టీచరమ్మ:
మా బడి ఊరి చివర. వరండా దూలంలో పిచ్చుకలున్నాయి. మధ్యాహ్న భోజనం మెతుకులకు అలవాటుపడ్డాయి. ఇప్పుడు సెలవులు.

బడికి సెలవులిచ్చి వంటింటి తలుపుకు
తాళమేసి రింక దక్కు నేమి?
మెతుకు వెదకి వెదకి మే నెల యెండలోఁ
గూడు లేని పిట్ట గుడ్డు పెట్టె

రాయగడ మిత్రుడు:
పిచ్చుకకు దూలంలో గూడు ఉందని మీరే అన్నారు. మరి గూడు లేని పిట్ట ఎలా అయింది టీచరుగారూ?

గుణుపురం టీచరమ్మ:
మూడో పాదం చివర అరసున్న చూడండి అన్నయ్యగారూ.

నిర్వాహకుడు:
భలే కొట్టారమ్మా! 'ఎండలోన్ + కూడు లేని'. ద్రుతం మీద పరుషం సరళమౌతుంది కాబట్టి 'కూడు' కాస్తా 'గూడు' అయి కూర్చుంది. గూడు ఉంది, లేనిది కూడు. పాత అవధానుల చేతివాటం ఇది. అరసున్నలకు పట్టింపు లేదన్న మాట ఈ ఒక్క పద్యానికి వెనక్కి తీసుకుంటున్నాను.

ఛందస్సుతో పనిలేని ఓ చిన్న అనుమానం మాత్రం చెబుతాను. పిచ్చుక ఆ సెలవుల్లో మరీ పస్తుండదు. మీ బడి వెనక గడ్డి గింజ పట్టే ఉంటుంది. పిల్లలు పుట్టాక వాటికి అది పెట్టేది మెతుకులు కాదు, పురుగులు. ఆ పురుగులు దొరికేది కూడా మనం పిచ్చిమొక్కలంటూ పీకించేసే చోటే. సెలవులు కాగానే బడి ఆవరణ శుభ్రం చేయిస్తారు కదా, వెనక మూల ఒకటి అలా వదిలేయమనండి.

ఛత్రపురం మిత్రుడు:
'తాళమేసి' అని ఉంది. 'తాళము వేసి' అనాలి కదా? గ్రామ్యం కాదా?

పర్లాకిమిడి తాతగారు:
గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊళ్ళో కూర్చుని నేను దాన్ని తప్పు అనలేను బాబూ. 1936లో మా ఊరు ఒడిశాలోకి వెళ్ళింది కానీ ఆయన మాట ఎక్కడికీ వెళ్ళలేదు.

అంబపువా కోడలు:
మాస్టారూ, మాది ఊరి చివరి వరస. పక్కన కట్టి ఆపేసిన రెండంతస్తుల మేడ ఉంది. స్లాబు మీద మిగిలిపోయిన గులకరాళ్ళు అలాగే పరిచి ఉన్నాయి, ఇంకా పిట్టగోడ కూడా కట్టలేదు. దానిమీద తీతువు పిట్ట. మా అత్తయ్య అది అరిస్తే అపశకునమని నన్ను డాబా ఎక్కనివ్వలేదు. బట్టలు ఆరేసే వంకతో ఎక్కాను.

కొత్త మేడ మీద గులకరాలే పాన్పు
నెత్తి మీద నెండ నిప్పు కురియ
చెరువు తడిని పొట్టఁ జేర్చి చల్లార్చుచు
గూడు లేని పిట్ట గుడ్డు పెట్టె

గుణుపురం టీచరమ్మ:
చెరువు తడిని పొట్టకు చేర్చడం అంటే?

అంబపువా కోడలు:
మేడకు వెనక చిన్న చెరువు ఉంది, చుట్టూ తూటికాడ, నీళ్ళమీద గుర్రపుడెక్క. ఎండ మండే వేళకు తీతువు అక్కడికి వెళ్ళి గట్టున నీళ్ళలో కూర్చుంటుంది. పొట్ట కింద ఈకలు బాగా తడిశాక ఎగిరొచ్చి గుడ్లమీద కూర్చుంటుంది. ఒక్క మధ్యాహ్నం ఆరుసార్లు తిరిగింది. గుడ్లు మట్టిరంగు, నల్ల మచ్చలు. ముందు రోజు చూసిన చోటే మర్నాడు నాకు కనపడలేదు, అంతగా రాళ్ళలో కలిసిపోయాయి. మొనలన్నీ లోపలివైపుకే తిప్పి ఉన్నాయి.

ఛత్రపురం మిత్రుడు:
పద్యం బాగుంది చెల్లెమ్మా, కానీ క్రమం తప్పింది. 'చల్లార్చుచు గుడ్డు పెట్టె' అన్నావు. ముందు గుడ్డు పెట్టాలి, తర్వాత కదా చల్లార్చాలి?

నిర్వాహకుడు:
నాకూ అదే తట్టింది. 'చల్లార్చుచు' దగ్గర అన్వయం కుంటుతోంది. ఏమంటావమ్మా?

అంబపువా కోడలు:
నేను చూసిన క్రమం అదే మాస్టారూ. నాలుగు గుడ్లూ ఒక్కరోజు పెట్టలేదు. మొదట ఎక్కినప్పుడు రెండే ఉన్నాయి. తర్వాత మూడు. మూడు ఉన్నప్పుడే తడిపొట్టతో కూర్చోవడం చూశాను. ఆ తర్వాత నాలుగోది కనపడింది. ఉన్నవాటిని చల్లార్చుకుంటూనే ఇంకోటి పెట్టింది.

నిర్వాహకుడు:
ఇంకేం అనను. ఏ పిట్టా రోజుకు ఒకటికి మించి పెట్టదు, ఆ సంగతి తెలిసి కూడా వ్యాకరణం పట్టుకుని వేలాడాను. పాదం అలాగే ఉంచు. తీతువు గొంతుకు మనం అపశకునం అంటగట్టాం కానీ అది అరిచేది కుక్కో పిల్లో మనిషో గుడ్ల దగ్గరికి వస్తున్నారనే. మీ అత్తయ్యగారికి చెప్పి చూడు. ఇంతకీ ఆ మేడమీద పని మళ్ళీ మొదలుపెడతారా? పిల్లలు బయటికి రావడానికి దాదాపు నాలుగు వారాలు పడుతుంది.

అంబపువా కోడలు:
అదే టెన్షన్‌గా ఉంది. నిన్న తాపీమేస్త్రీ వచ్చాడు. చూపించాను. ఆయన మాట్లాడకుండా గుడ్లకు రెండు గజాల దూరంలో నాలుగు ఇటుకలు పేర్చి, ముందు కింద వాటాలో ప్లాస్టరింగ్ చేసుకుంటామన్నాడు. మా అత్తయ్య ఇవాళ పొద్దున తనే డాబా ఎక్కి, నాలుగూ ఉన్నాయా అని నన్నే అడిగింది.

జయపురం వదిన:
ఆలస్యమైంది, క్షమించాలి. జగన్నాథసాగరం గట్టుమీద నడకకు వెళ్ళినప్పుడు చూసిన జకానా ఇది. పొడుగు వేళ్ళతో ఆకులమీద నడిచిపోతుంది. సమస్యను రెండో పాదంలో పెట్టాను.

తామరాకు మీద దర్జాగ నిలుచుండి
గూడు లేని పిట్ట గుడ్డు పెట్టె
పొదుగు వంతు మగని భుజముపైఁ బెట్టి తా
మరొక జతను వెదకె మరునిమిషమె

పర్లాకిమిడి తాతగారు:
ఓలమ్మో! ఇదేం కాలం?

జయపురం వదిన:
కాలం కాదు తాతగారూ, జకానా. గుడ్లు పొదగడం, పిల్లల్ని తిప్పడం అంతా మగదే. ఆడది వేరే మగదాన్ని చూసుకుని అక్కడ మళ్ళీ పెడుతుంది. మా ఆయనకు ఈ పద్యం చదివి వినిపించాను, కాఫీ తనే పెట్టుకున్నారు.

నిర్వాహకుడు:
'పొదుగు వంతు' అన్న మాటకే చప్పట్లు. 'మరునిమిషమె' కాస్త ఎక్కువ చెప్పడమే, కానీ ఆ మాట తీస్తే నవ్వు పోతుంది. పిట్టకు భుజమేమిటని ఎవరైనా అడుగుతారు. 'ఱెక్కపై' అంటే యతి చెడుతుంది. భుజమే ఉండనివ్వండి.

అందరివీ వచ్చాయి. మార్కులు వేయడం నా వల్ల కాదు, తీతువు గుడ్ల సంగతి తేలేదాకా అసలు వెయ్యను. వచ్చే వారం మొక్క సమస్య, అదే ఛందస్సు, అదే షరతు:

వేరు లేని తీగ వీధి నిండె

గంజాం కుర్రాడు:
సార్, మా కాలేజీ కంచెమీద పసుప్పచ్చ దారాల్లాగా ఒకటి అల్లుకుపోయింది, ఆకులు కూడా లేవు, అదేనా...

నిర్వాహకుడు:
పేరు చెప్పకు. వెళ్ళి దగ్గరగా చూసి, పద్యం పట్టుకురా. ఈసారి మొదటి మూడూ సూర్యగణాలే.