విసురు వల గుండ్లకు సీసం బదులు జింకు పనికివస్తుందా?

ప్రశ్న (ఇందుకూరుపేట, రొయ్యల రైతు):
రొయ్యల కౌంటు (కిలోకు ఎన్ని తూగుతాయో) చూసుకోవడానికి మేము వారానికొకసారి గుంటలో వల విసురుతాము. వల అంచుకు కట్టే గుండ్లను మా నాన్నగారు ముప్పై ఏళ్లుగా ఇంటి వెనుక కట్టెల పొయ్యి మీద సీసం కరిగించి స్వయంగా పోస్తున్నారు. ఆ పొయ్యి పక్కనే ఆడుకునే మా నాలుగేళ్ల అబ్బాయికి మొన్న రక్తపరీక్ష చేయిస్తే సీసం ఎక్కువగా ఉందని తేలింది. ఇక సీసం ఇంటి గడప తొక్కకూడదని నిర్ణయించుకున్నాము. బోట్ల అడుగున బిగించి, అరిగాక తీసేసే జింకు దిమ్మలు పాత సామాన్ల కొట్టులో దొరుకుతున్నాయి. వాటిని అదే మూకుట్లో కరిగించి, అదే అచ్చులో పోసుకోవచ్చునా? నాలుగు కిలోల సీసానికి ఎంత జింకు పడుతుంది?

సమాధానం (కావలి, పోతపని):
పోసుకోవచ్చునండి, కానీ ఆ మూకుడు వద్దు. దాని అంచున అంటుకున్న సీసం కొత్త గుండ్లలోకి చేరితే మీరు పడిన శ్రమంతా వృథా అవుతుంది. అల్యూమినియం డబరా అసలే వద్దు, కరిగిన జింకు దానిని తినేస్తుంది. వేరే ఇనుప మూకుడు తీసుకోండి. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, జింకుకు 419 దాకా కావాలి. కరిగింది కదా అని ఇంకా మంట ఎగదోస్తే జింకుకే నిప్పంటుకొని, దూది పింజల్లా తెల్లని పొట్టు ఎగురుతుంది. ఇత్తడిలోనూ జింకు ఉంటుంది కదా, ఒకసారి మూసిన కొట్టులో ఇత్తడి కరిగించిన రోజు రాత్రి నాకు చలిజ్వరం పట్టుకుంది. మలేరియా అనుకున్నాను గాని, అది ఆ పొగ తెచ్చిన జ్వరమే, మర్నాటికి తగ్గిపోయింది. కాబట్టి ఆరుబయట, గాలికి ఎదురు కాకుండా నిలబడి కరిగించండి.

అచ్చును ముందుగా బాగా వేడి చేయండి. చల్లని అచ్చులో జింకు సగంలోనే గడ్డకడుతుంది, తడి ఉంటే చిమ్మి మీద పడుతుంది. తాడు దూరే బెజ్జానికి సైకిలు పుల్ల పెడతారు కదా, దానికి కిరసనాయిలు దీపపు మసి పట్టించి, గుండు గట్టిపడగానే, వేడి మీదనే పటకారుతో లాగేయాలి. చల్లారితే జింకు కుంచించుకొని పుల్లను పట్టేస్తుంది. సీసం రేకులా తాడు చుట్టూ వంచి సుత్తితో కొట్టాలని మాత్రం చూడకండి, పగిలిపోతుంది.

సమాధానం (కొత్తపట్నం, సముద్రపు వేట):
లెక్క నేను చెబుతాను. ఉప్పునీటిలో మునిగాక నాలుగు కిలోల సీసం లాగేంత బరువుకు దాదాపు నాలుగుంపావు కిలోల జింకు కావాలి. బరువు తేడా అంతే గాని, సీసం సాంద్రత 11.34, జింకుది 7.14 కనుక గుండ్ల పరిమాణం సుమారు 1.7 రెట్లవుతుంది. లావు గుండు నీటిని చీల్చుకొని దిగేటప్పటికి కాస్త ఆలస్యమవుతుంది, ఈలోగా రొయ్య ఎగిరి తప్పుకుంటుంది. మీ పాత అచ్చు కూడా సరిపోదు.

అసలు బోటుకు జింకు దిమ్మ బిగించేది ఎందుకు? ఉప్పునీరు ఇనుమును వదిలి ముందు దానిని తినాలనే. గంటల తరబడి సముద్రంలో ఉండే వలకు అటువంటి లోహం కడితే, గుండ్లపై తెల్లని పొర పేరుకొని, బెజ్జం అంచులు గరుకెక్కి తాడును కోస్తాయి. గుంటలో నాలుగు విసుర్లు వేసి, మంచినీటితో కడిగి ఆరబెట్టే మీ వలకు చాలాకాలం వస్తాయి, అభ్యంతరం లేదు.

సమాధానం (నెల్లూరు, రసాయనశాస్త్ర అధ్యాపకురాలు):
గుండ్ల సంగతి తేలింది గాని, నన్ను అడిగితే ముందు ఆ పొయ్యి చుట్టూ ఉన్న మట్టి సంగతి చూడండి. ముప్పై ఏళ్ల మడ్డి, బూడిద అందులోనే ఉన్నాయి. సీసం కుళ్లదు, ఆవిరై పోదు. సీసం ఇంతవరకు ఫరవాలేదు అనదగిన హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ చోటును పొడి చీపురుతో ఊడవకండి, దుమ్ము లేస్తుంది. తడిపి పైమట్టి తీయించి, కొత్త మట్టి పోయించండి. నాన్నగారు ఆ పని చేసిన బట్టలను పిల్లవాడి బట్టలతో కలిపి ఉతకవద్దు. మిగిలిన సీసాన్ని, పాత బ్యాటరీలను అనుమతి ఉన్న రీసైక్లింగు కేంద్రానికే ఇవ్వండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు చెప్పేదీ అదే. పిల్లవాడి రక్తపరీక్ష మళ్లీ ఎప్పుడు చేయించాలో వైద్యుడిని అడగండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. పైమట్టి తీయించాము, పరీక్ష వచ్చే నెలలో. కొత్త అచ్చులో నాలుగుంపావు కిలోలు పోశాము. మొదటి పది గుండ్లు పుల్లకు పట్టేసి పాడయ్యాయి, తరువాతివి బాగానే వచ్చాయి. వల నీళ్లమీద పడే చప్పుడు మారిపోయిందని నాన్నగారు ఇంకా గొణుగుతూనే ఉన్నారు.