ఇంగ్లీషు వాక్యంలో కామా ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: ఇంగ్లీషులో నివేదికలు రాసేటప్పుడు, చదువుతూ ఎక్కడ ఆగాలనిపిస్తే అక్కడ కామా పెట్టడం నాకు అలవాటు. ‘ద రిపోర్ట్ వాజ్ లేట్, ద మీటింగ్ వాజ్ క్యాన్సిల్డ్’, ‘ద రిపోర్ట్ వి సబ్మిటెడ్ లాస్ట్ వీక్, హాజ్ బీన్ అప్రూవ్డ్’ అనే రెండు వాక్యాల్లోనూ కామా తప్పని దిద్దారు గాని, కారణం చెప్పలేదు. దయచేసి ఎవరైనా వివరించగలరా?

జవాబు: రెండూ తప్పులే, అయితే వేర్వేరు తప్పులు. మొదటిదాన్ని కామా స్ప్లైస్ అంటారు. అక్కడ కామాకు ఇరువైపులా సొంత కర్త, సొంత సమాపక క్రియ ఉన్న పూర్తి వాక్యాలున్నాయి. అలాంటి రెండింటిని కలిపి ఉంచే బలం ఒంటరి కామాకు లేదు. కామా తర్వాత ‘సో’ చేర్చండి, లేదా కామా తీసేసి సెమికోలన్ గాని ఫుల్‌స్టాప్ గాని పెట్టండి. తెలుగులో ‘వచ్చి, చూసి, వెళ్లాడు’ అన్నప్పుడు మొదటి రెండూ అసమాపక క్రియలు కాబట్టి ఆ కామాల వల్ల ఇబ్బంది రాదు. ఆ అలవాటుతోనే ఇంగ్లీషు రాస్తే ఈ పొరపాటు దొర్లుతుంది.

రెండో వాక్యంలో ‘ద రిపోర్ట్ వి సబ్మిటెడ్ లాస్ట్ వీక్’ అంతా కలిసి ఒకే కర్త. కర్త ఎంత పొడవుగా ఉన్నా, దాని తర్వాత ఊపిరి తీసుకోవాలనిపించినా, కర్తకూ క్రియకూ మధ్య ఒక్క కామా పెట్టకూడదు. నా అభిప్రాయంలో ఆగినచోటల్లా కామా పెట్టమనే బడి సూత్రమే ఈ చిక్కులకు మూలం.

ప్రశ్న: ధన్యవాదాలండీ. మరి ‘హౌవెవర్’ ముందు కామా చాలదా? ‘హూ’తో మొదలయ్యే ఉపవాక్యాల సంగతేమిటి?

జవాబు: ‘హౌవెవర్’ క్రియావిశేషణమే గాని ‘బట్’ లాంటి సముచ్చయం కాదు. అందుచేత రెండు పూర్తి వాక్యాల మధ్య అది వస్తే ముందు సెమికోలన్, తర్వాత కామా ఉండాలి. ‘ఇట్ ఈజ్, హౌవెవర్, యూస్‌ఫుల్’ అని ఒకే వాక్యం నడుమ వచ్చినప్పుడు మాత్రం ఇరువైపులా కామాలు సరిపోతాయి.

‘హూ’ విషయంలో కామా అర్థాన్నే మార్చేస్తుంది. ‘ద స్టూడెంట్స్ హూ పాస్డ్ గాట్ సర్టిఫికెట్స్’ అంటే ఉత్తీర్ణులైన వారికే పత్రాలు అందాయని అర్థం. ‘హూ పాస్డ్’కు ముందూ వెనకా కామాలు పెడితే విద్యార్థులందరూ ఉత్తీర్ణులయ్యారని, అందరికీ పత్రాలు అందాయని అర్థం వస్తుంది. ఒక్క కామాయే పెడితే ఏ అర్థమూ కుదరదు.

ప్రశ్న: జాబితా చివర ‘అండ్’ ముందు కామా తప్పనిసరా?

జవాబు: దాన్ని ఆక్స్‌ఫర్డ్ కామా అంటారు. అమెరికా పుస్తక ప్రచురణలో ఎక్కువగా వాడతారు, బ్రిటిష్ పత్రికలు సాధారణంగా వదిలేస్తాయి. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఓవర్‌టైం మినహాయింపులు చెప్పే చట్టపు జాబితాలో ‘ఆర్’ ముందు కామా లేకపోవడంతో, సరఫరా చేయడం విడి పనా, సరఫరా కోసం ప్యాకింగ్ చేయడమే పనా అన్న సందిగ్ధం వచ్చింది. 2017లో అప్పీళ్ల న్యాయస్థానం పాల ఉత్పత్తులు చేరవేసే డ్రైవర్ల పక్షాన తీర్పునిచ్చింది, మరుసటి ఏడాది ఆ వివాదం 50 లక్షల డాలర్లకు రాజీ అయింది. మీ సంస్థకు శైలి నియమావళి ఉంటే దాన్నే పాటించండి. లేకపోతే నివేదిక అంతటా ఒకే పద్ధతిలో రాయండి.