బాయిలర్ ట్యూబులకు కోటింగ్ వేయించాలా, లోహమే మార్చాలా?

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. బొగ్గు ప్లాంటులో బాయిలర్ మెయింటెనెన్స్ నా పని. 210 మెగావాట్ల పాత యూనిట్, ఇప్పటికి 1,60,000 గంటలు నడిచింది. ఫైనల్ సూపర్‌హీటర్‌లో (టర్బైన్‌కి వెళ్లే ముందు ఆవిరిని ఇంకా వేడెక్కించే చివరి ట్యూబులు) రెండేళ్లలో మూడు లీకులు. ట్యూబు టీ22, అంటే రెండుంపావు శాతం క్రోమియం, ఒక శాతం మాలిబ్డినమ్ కలిసిన ఉక్కు. బయటికొచ్చే ఆవిరి 540 డిగ్రీలు. వచ్చే ఓవర్‌హాలింగ్‌కి ఇద్దరు వెండర్లు వచ్చారు. ఒకాయన క్రోమియం కార్బైడ్, నికెల్ క్రోమియం కలిపిన పొడిని హెచ్‌వీఓఎఫ్ పద్ధతిలో (మంటతో వేడెక్కించి మహా వేగంగా విసిరి అతికించడం) స్ప్రే చేస్తానంటాడు, ట్యూబులు విప్పక్కర్లేదట. ఇంకొకాయన ఈ ట్యూబుల కాయిల్స్ మొత్తం పీకేసి టీ91, అంటే 9 శాతం క్రోమియం ఉన్న ఉక్కు, పెట్టమంటాడు. మా ఆఫీసులో సగం మంది ఇటు, సగం మంది అటు. మీరేమంటారు?

స్ప్రేగన్:
నేను కోటింగ్ ఫీల్డ్ వాడినే, ముందే చెప్పేస్తున్నా, తర్వాత ఎవరూ తిట్టొద్దు. మన బొగ్గులో బూడిద 40 శాతం దాకా ఉంటుంది, అందులో ఇసుక లాంటి క్వార్ట్జ్ రేణువులు. అవి గ్యాస్‌తో పాటు వచ్చి ట్యూబును గీకుతూనే ఉంటాయి. ఉక్కు పైన ఏర్పడే ఆక్సైడ్ పొరను బూడిద ఊడగొడుతుంది, కింద కొత్త లోహం బయటపడి మళ్లీ ఆక్సైడ్ అవుతుంది. 250 మైక్రాన్ల కార్బైడ్ పొర వేస్తే ఈ రెండూ ఆగుతాయి. కాయిల్స్ మార్చే ఖర్చుతో పోలిస్తే ఇది ఎంత?

రిటైర్డ్ బాయిలర్:
33 ఏళ్లు ఫర్నేస్‌లో దూరి బయటికొచ్చిన వాణ్ని బాబూ. స్ప్రే గన్ ఎదురుగా ఉన్న వైపే పడుతుంది. సూపర్‌హీటర్‌లో ట్యూబు వెనకాల ట్యూబు, దాని వెనకాల ఇంకోటి. మొదటి వరస ముఖానికి పౌడర్ పూస్తావు సరే, నాలుగో వరస వీపుకి ఎలా పూస్తావు?

స్ప్రేగన్:
సార్, దెబ్బ తినేది కూడా మొదటి వరస ముఖమే కదా.

సూక్ష్మదర్శిని:
గోదారిగట్టు గారూ, ఒక్క ప్రశ్న. పగిలిన చోటు ఎలా ఉంది? అంచు పల్చబడి కత్తిలా ఉందా, దళసరిగా ఉండి పొడవునా చీలిందా? లేక ఒక వైపు మాత్రమే చదునుగా, సానబెట్టినట్టు నున్నగా ఉందా?

గోదారిగట్టు:
మూడింటికీ అంచు దళసరిగానే ఉంది మేడమ్. చీలిక పక్కన పొడవునా సన్న పగుళ్లు. సానబెట్టినట్టు నున్నగా అయితే లేదు. అలాంటి లీకులు మాకు ఎకనమైజర్ (బాయిలర్‌లోకి వెళ్లే నీటిని ముందే వేడి చేసే ట్యూబులు) బెండ్ల దగ్గర వస్తాయి, అది వేరే కథ.

సూక్ష్మదర్శిని:
వేరే కథ కాదండీ, మీ ప్రశ్నకు సగం జవాబు అదే. నున్నగా అరిగితే బూడిద కోత. కత్తి అంచులా పల్చబడి పగిలితే ట్యూబు ఒక్కసారిగా విపరీతంగా వేడెక్కిందని, చాలాసార్లు లోపల ఏదో అడ్డం పడి ఉంటుంది. దళసరి అంచుతో పొడవునా పగుళ్లు ఉంటే ఏళ్ల తరబడి ఉండాల్సిన దానికంటే కొంచెం ఎక్కువ వేడిలో ఉందని, అంటే క్రీప్, వేడిలో ఒత్తిడికి లోహం మెల్లగా సాగి దెబ్బతినడం. దీనికి కారణం బయట కాదు, లోపల వెతకాలి. తీసిన ముక్కను అడ్డంగా కోయించి, లోపలి వైపు ఆక్సైడ్ ఎన్ని మైక్రాన్లు ఉందో ల్యాబ్‌లో కొలిపించండి. అప్పటిదాకా కోటింగా, లోహమా అని కొట్టుకోవడం దండగ.

రెక్కలోడు:
గ్యాస్ టర్బైన్ బ్లేడ్ల మీద పనిచేస్తాను. మా వైపు ఈ తగువు ఎప్పుడో తేలిపోయింది. మొదట్లో వచ్చిన నిమోనిక్ మిశ్రమాల్లో క్రోమియం 20 శాతం ఉండేది, ఆక్సీకరణను తట్టుకునేది. బలం పెంచాలంటే అల్యూమినియం, టంగ్‌స్టన్, టాంటలమ్ లాంటివి పెంచి క్రోమియం తగ్గించాలి. ఇప్పటి సింగిల్ క్రిస్టల్ బ్లేడ్లలో కొన్నింట్లో అది 2, 3 శాతానికి దిగింది. బలం లోహం చూసుకుంటుంది, తుప్పు సంగతి కోటింగ్ చూసుకుంటుంది. లోపల అల్యూమినైడ్ గానీ, నికెల్-కోబాల్ట్-క్రోమియం-అల్యూమినియం-ఇట్రియం పొర గానీ, దానిమీద 7, 8 శాతం ఇట్రియా కలిపిన జిర్కోనియా. ఒకే లోహంతో రెండు పనులూ చేయించాలనుకుంటే దేనికీ పనికిరాకుండా పోతుంది. బాయిలర్ వాళ్లకు ఇంకా ఎందుకు అర్థం కావట్లేదో!

రిటైర్డ్ బాయిలర్:
నాయనా, నీ బ్లేడుని గడువు ప్రకారం విప్పుతారు, బోరోస్కోప్ పెట్టి చూస్తారు, పాత కోటింగ్ కరిగించి కొత్తది వేస్తారు. నాకు ఫర్నేస్‌లో కిలోమీటర్ల కొద్దీ ట్యూబు, బూడిద పట్టి, మనిషి పట్టని సందుల్లో వేలాడుతూ ఉంటుంది. ఎక్కడ పెచ్చు ఊడిందో ఓవర్‌హాలింగ్ దాకా తెలియదు. పోలిక పెట్టేముందు ఒకసారి ఫర్నేస్‌లోకి దిగి చూడు.

రెక్కలోడు:
ఒప్పుకుంటా సార్. కానీ సూత్రం మారదు కదా.

పక్కింటి కుర్రాడు:
చిన్న డౌట్. మా ఇంట్లో కరెంటు పొయ్యి కాయిల్ పదేళ్లుగా ఎర్రగా కాలుతోంది, తుప్పు పట్టలేదు. దానికి ఏ కోటింగ్ వేశారు?

సూక్ష్మదర్శిని:
ఎవరూ వేయలేదు, అది తనే వేసుకుంది. నైక్రోమ్ అయితే పైన క్రోమియం ఆక్సైడ్ పొర కడుతుంది. ఇనుము-క్రోమియం-అల్యూమినియం తీగ అయితే (1931లో స్వీడన్‌లో వచ్చిన కాంతల్ రకం) అల్యూమినియం ఆక్సైడ్ కడుతుంది. పొర గాల్లోని ఆక్సిజన్‌ను లోపలికి పోనివ్వదు, కాబట్టి మందం పెరిగేకొద్దీ పెరిగే వేగం తగ్గుతుంది. రెట్టింపు మందం కావాలంటే నాలుగు రెట్ల కాలం పడుతుంది. 1933లో కార్ల్ వాగ్నర్ దీనికి సిద్ధాంతం ఇచ్చాడు. మంచి ప్రశ్నే అడిగావు తమ్ముడూ. మిశ్రమ లోహాల కథంతా చివరికి ఈ పొర ఊడకుండా నిలుస్తుందా లేదా అన్నదే.

పరాయిపొయ్యి:
యూరప్‌లో చెత్త కాల్చి కరెంటు తీసే ప్లాంటులో ఉంటాను. ఇక్కడ శత్రువు బూడిద కాదు, క్లోరిన్. ఆక్సైడ్ పొరలోంచి దూరి ఇనుముతో కలిసి ఐరన్ క్లోరైడ్ అవుతుంది, ఆవిరై బయటికొస్తుంది, పైన ఆక్సిజన్ తగలగానే ఆక్సైడ్‌గా మారి క్లోరిన్‌ను వదిలేస్తుంది. అదే క్లోరిన్ మళ్లీ లోపలికి. ఎంత తిన్నా ఆకలి తీరని పురుగు! మాకు ఫర్నేస్ గోడల మీద ఇన్‌కొనెల్ 625 వెల్డ్ ఓవర్‌లే మామూలు, రెండు మిల్లీమీటర్లు. అది స్ప్రే కాదు, కరిగించి అతికించిన లోహం. ఇంత చేసినా ఇలాంటి ప్లాంట్లలో ఆవిరిని చాలాచోట్ల 400 డిగ్రీలు, 40 బార్ దగ్గరే ఆపేస్తారు. అంటే కోటింగ్ మీద నమ్మకం అంతవరకే అన్నమాట.

స్ప్రేగన్:
అయినా ఓవర్‌లే వేశారుగా! నేను చెప్పేదీ అదే. పైగా మన థర్మల్ ప్లాంట్లు కూడా 5 శాతం బయోమాస్ పెల్లెట్లు బొగ్గుతో కలిపి కాల్చాలని 2021 అక్టోబరులో విధానం వచ్చింది. గడ్డిలో పొటాషియం, క్లోరిన్ రెండూ ఉంటాయి. రేపు మీ టీ22ని, టీ91ని కూడా అది వదలదు.

పరాయిపొయ్యి:
5 శాతం దగ్గర, మీ బొగ్గు బూడిదలోని అల్యూమినియం సిలికేట్లే చాలావరకు పొటాషియంను పట్టేసుకుంటాయి. నూటికి నూరు శాతం గడ్డి కాల్చే బాయిలర్ కథ వేరు. భయపెట్టకండి బ్రదర్.

గోదారిగట్టు:
ల్యాబ్ రిపోర్టు వచ్చింది. లోపలి ఆక్సైడ్ 600 మైక్రాన్లు. రెండు పొరలుగా ఉందని రాశారు. బయటి వైపు గోడ పెద్దగా తగ్గలేదు. మైక్రోస్ట్రక్చర్‌లో క్రీప్ రంధ్రాలు కనిపించాయట.

సూక్ష్మదర్శిని:
అనుకున్నదే. కొంచెం ఓపిగ్గా చదవండి, లెక్క చెప్తాను.

ఆవిరి కూడా ఆక్సీకరణ చేస్తుంది. 560 డిగ్రీల దగ్గర ఇనుము నీటి అణువులోంచి ఆక్సిజన్ లాక్కుని మాగ్నటైట్ అనే నల్ల ఐరన్ ఆక్సైడ్ అవుతుంది, హైడ్రోజన్ ఆవిరితో పోతుంది. మీ రిపోర్టులోని రెండు పొరల్లో లోపలిది క్రోమియం కలిసిన ఆక్సైడ్ (స్పినెల్), ఆవిరి వైపుది మాగ్నటైట్. ఆ రెండింటి మధ్య గీత ఎక్కడుందో ట్యూబు కొత్తగా ఉన్నప్పుడు లోహం అంచు సుమారుగా అక్కడ ఉండేది. ఇనుము మాగ్నటైట్ అయ్యేటప్పుడు ఘనపరిమాణం 2.1 రెట్లవుతుంది. ఆ లెక్కన 600 మైక్రాన్ల పొర మీ గోడలో దాదాపు 285 మైక్రాన్లు తినేసింది. నష్టం అది కాదు, పావు మిల్లీమీటరుకి ట్యూబు పగలదు.

అసలు నష్టం వేడిది. ఆ పొర వేడిని సరిగ్గా పోనివ్వదు. చదరపు మీటరుకు 50 కిలోవాట్ల వేడి లోపలికి వస్తోందనుకుందాం, పొర ఉష్ణ వాహకత (మీటరుకు, డిగ్రీకి వాట్లలో) 1.5 అనుకుందాం. 600 మైక్రాన్లకు 20 డిగ్రీల తేడా వస్తుంది. లోపల ఆవిరి ఉష్ణోగ్రత అదే, కానీ లోహం 560లో ఉండాల్సింది 580కి వెళ్లింది. వేడిని బట్టి లోహం ఆయుష్షు అంచనా వేసే లార్సన్-మిల్లర్ సూత్రంలో స్థిరాంకం 20 పెట్టి చూడండి. 560 దగ్గర 1,00,000 గంటలు ఉండే ట్యూబుకి 570 దగ్గర సుమారు 50,000, 580 దగ్గర 26,000 గంటలు. పొర ఏళ్ల తరబడి మెల్లగా పెరిగింది కాబట్టి మొదటి రోజు నుంచీ 20 డిగ్రీలు లేవు, అందుకే ఇన్నేళ్లు లాగింది. ఇప్పుడు మాత్రం ఆయుష్షు కరిగిపోతోంది.

ఇప్పుడు బయట కార్బైడ్ పూస్తే ఏమవుతుంది? ఈ పొరకు ఏమీ కాదు. పుండు ఒకచోట, మందు ఇంకోచోట.

స్ప్రేగన్:
మరి బయట బూడిద తుప్పు సంగతి? ఆల్కలీ ఐరన్ సల్ఫేట్లు కరిగి ఆక్సైడ్‌ను తినేస్తాయని అందరూ రాస్తారే.

సూక్ష్మదర్శిని:
రాస్తారు, నిజమే. సోడియం, పొటాషియం ట్రైసల్ఫేట్లు విడివిడిగా 620 డిగ్రీల దగ్గర, కలిస్తే 550 దగ్గరే కరుగుతాయి. కానీ అవి ఏర్పడి నిలవాలంటే బూడిద పొరలో సల్ఫర్ ట్రైఆక్సైడ్ సరిపడా ఉండాలి. మన బొగ్గులో గంధకం అర శాతం అటూ ఇటూ. గంధకం ఎక్కువున్న అమెరికా, ఇంగ్లండ్ బొగ్గుల పాఠాన్ని సింగరేణికి యథాతథంగా అప్పజెప్పకూడదు. పైగా బయటి గోడ పెద్దగా తగ్గలేదని రిపోర్టే చెబుతోంది.

రిటైర్డ్ బాయిలర్:
మేడమ్ గారి లెక్క బాగుంది. కానీ టీ91 అనగానే అందరూ ఎగిరి గంతేయకండి. దానికి 200 డిగ్రీలు దాటి ప్రీహీట్, వెల్డింగ్ తర్వాత 760 దగ్గర హీట్ ట్రీట్‌మెంట్. ఒక షట్‌డౌన్‌లో మా సైట్‌లో మధ్యలో కరెంటు పోయింది, కాంట్రాక్టర్ మళ్లీ చేయకుండా చార్టు మాత్రం నీట్‌గా గీసిచ్చాడు. తర్వాత గట్టిదనం కొలిస్తే ఒక జాయింట్ పక్కన 190 బ్రినెల్ కంటే కిందికి వచ్చింది. పేరుకు టీ91, బలానికి టీ22 కంటే నయం లేదు. పాత టీ22నే కొత్తగా పెట్టుకుంటే మళ్లీ ఇరవై ఏళ్లు వస్తుంది కదా?

సూక్ష్మదర్శిని:
అది న్యాయమైన మాట సార్. ఇంకోటి కూడా ఒప్పుకోవాలి, ఆవిరిలో 9 శాతం క్రోమియం చాలదు. టీ91లో కూడా ఇదే రెండు పొరల ఆక్సైడ్ వస్తుంది, కాకపోతే నెమ్మదిగా. ఎక్కువ క్రోమియం కావాలని 347హెచ్‌కి వెళ్తే, 18 శాతం ఉంటుంది, కానీ ఆ స్టెయిన్‌లెస్ వ్యాకోచం మామూలు ఉక్కు కంటే దాదాపు మూడోవంతు ఎక్కువ. యూనిట్ ఆపి చల్లారగానే లోపలి ఆక్సైడ్ పెచ్చులు ఊడి కింది బెండులో పోగవుతాయి. మళ్లీ లైటప్ చేస్తే ఆవిరి దారి మూసుకుపోయి, కత్తి అంచు లీకు. రోజూ లోడ్ పెంచి తగ్గించే యూనిట్‌కి ఇదో కొత్త టెన్షన్. వేడి ఎక్కువగా తగిలే చివరి కాళ్లకు (కాయిల్‌లో నిలువుగా వేలాడే ట్యూబులకు) మాత్రం టీ91 వేసి, టీ22తో కలిసే జాయింట్లు షాపులో చేయించి తెస్తే సైట్‌లో వెల్డింగ్ తగ్గుతుంది. నా ఓటు దానికే.

రిటైర్డ్ బాయిలర్:
షాపులో చేస్తే నాకు అభ్యంతరం లేదు. అయినా గట్టిదనం ప్రతి జాయింట్‌కీ మీరే దగ్గరుండి కొలవండి, చార్టుల్ని నమ్మకండి.

రెక్కలోడు:
లోపలి వైపు క్రోమైజింగ్, అంటే క్రోమియంను లోహంలోకే ఇంకించడం, చేయించొచ్చు కదా? డిఫ్యూజన్ కోటింగ్, స్ప్రేలా పైపైన అంటుకుని ఉండదు.

సూక్ష్మదర్శిని:
చేయొచ్చు, కొత్త ట్యూబుకి ఫ్యాక్టరీలో. వేలాడుతున్న పాత కాయిల్‌కి కాదు. మళ్లీ ప్రతి వెల్డ్ దగ్గరా ఆ పొర తెగుతుంది.

గోదారిగట్టు:
మీటింగ్ అయింది. ఫైనల్ సూపర్‌హీటర్ వేడి కాళ్లకు టీ91, జాయింట్లు షాపులో. మిగతా కాయిల్స్‌కి లోపలి ఆక్సైడ్‌ను అల్ట్రాసోనిక్‌తో కొలిచి, 400 మైక్రాన్లు దాటినవి ఈసారే మార్చాలని అనుకున్నాం. ఇంకో సంగతి బయటపడింది. మా మెటల్ టెంపరేచర్ థర్మోకపుల్స్ అన్నీ ఫర్నేస్ కప్పు పైనున్న పెంట్‌హౌస్ గదిలో ఉన్నాయి, అక్కడ గ్యాస్ తగలదు. ఇన్నాళ్లూ మేం చూస్తున్నది దాదాపు ఆవిరి ఉష్ణోగ్రతే, ఫర్నేస్‌లో ఉన్న లోహానిది కాదు. అందుకే ఒక్క అలారం కూడా రాలేదు.

రిటైర్డ్ బాయిలర్:
హహ, మా రోజుల్లోనూ అంతే.

స్ప్రేగన్:
సరే, సూపర్‌హీటర్ విషయంలో ఓడిపోయాను. ఎకనమైజర్ బెండ్లు మాత్రం బూడిద కోతే అని మీరే అన్నారు. అక్కడ లోహం 300 డిగ్రీల చుట్టుపక్కలే, టంగ్‌స్టన్ కార్బైడ్ కూడా పనికొస్తుంది. అది 500 దాటితేనే పాడవుతుంది. కొటేషన్ పంపమంటారా?

సూక్ష్మదర్శిని:
ముందు ఆ ఎకనమైజర్ బెండ్లకూ గోడకూ మధ్య సందుల్లో గ్యాస్ వేగం కొలిపించండి. కోత వేగానికి దాదాపు ఘనంలో పెరుగుతుంది. సందు మూసి వేగం 20 శాతం తగ్గిస్తే కోత సగమవుతుంది.

గోదారిగట్టు:
సందులు మూసే బ్యాఫిల్ రేకులు ఈసారి పెడతాం మేడమ్. స్ప్రేగన్ గారూ, మిగిలిన బెండ్లకు టెండర్ పడుతుంది, అందులో రండి.