ఫెస్టివల్ ఎంట్రీ: శుక్రవారం సాయంత్రం 5కి ఆఖరు

కోఆర్డినేటర్, సోమవారం రాత్రి 9:10
అందరికీ నమస్కారం. ఇక్కడి యాక్సెస్ ఛానెల్‌కి (స్థానికులు తమ కార్యక్రమాలు వేసుకునే కేబుల్ ఛానెల్) తీసిన మన బతుకమ్మ-దసరా ఎపిసోడ్‌ని కమ్యూనిటీ మీడియా ఫెస్టివల్‌కి పంపాలి. ఇంకా మిగిలినవి: ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్, పిల్లల రిలీజ్ ఫారాలు (వీడియోలో చూపడానికి అనుమతి పత్రాలు, 34లో 29 చేతికొచ్చాయి), 60 పదాల పరిచయం, ఒక స్టిల్ ఫోటో, ఎంట్రీ ఫీజు. ఎవరు ఏది తీసుకుంటారో ఈ రాత్రికే చెప్పండి.

సాంస్కృతికం, 9:25
ఆ 5 ఫారాలు నేను తెస్తా. రెండు కుటుంబాలు ఇండియాలో ఉన్నాయి. సంతకం పెట్టి ఫోటో పంపమంటే సరిపోతుందా?

ఎడిటింగ్, 10:40
సరిపోతుంది అక్కా, పేజీ నాలుగు అంచులూ కనబడాలి. మైనర్లు కాబట్టి సంతకం తల్లిదో తండ్రిదో అయ్యుండాలి.
టైటిళ్ళలో ఒత్తులన్నీ విడిపోయాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రిఫరెన్సెస్‌లో టెక్స్ట్ ఇంజిన్‌ని సౌత్ ఏషియన్‌కి మార్చి మళ్ళీ కొడుతున్నా.
స్పాన్సర్ స్లైడ్‌లో బిర్యానీ ధర తీసేశా. యాక్సెస్ ఛానెల్‌లో పేరు, లోగో వరకే. ధర వేసినా, రండి కొనండి అన్నా అది ప్రకటన కిందికి వస్తుంది.

ఫారాలు, మంగళవారం ఉదయం 7:50
ఒక్క నిమిషం. ఎంట్రీ ఫారంలో "సంగీతంతో సహా అన్ని హక్కులూ మావే" అని టిక్ పెట్టాలి. మన కోలాటం 2 నిమిషాల 40 సెకన్లూ సినిమా పాట మీదే. పాట ఉంటే తమ తరఫున పంపేది లేదని ఛానెల్ స్టేషన్ వాళ్ళు చెప్పేశారు.

కోశాధికారి, 8:05
అదేంటండీ, హాలు వాళ్ళకి మ్యూజిక్ లైసెన్సని డబ్బు కట్టాం కదా! రసీదు నా దగ్గరుంది.

ఎడిటింగ్, 8:30
అది హాల్లో పాట మోగించడానికి. వీడియోకి జోడించాలంటే రెండు అనుమతులు వేరుగా కావాలి. బాణీ, సాహిత్యానికి సింక్ లైసెన్సు, ఆ రికార్డింగుకి మాస్టర్ లైసెన్సు. శుక్రవారంలోగా రెండూ రావు.

కోశాధికారి, 8:34
30 సెకన్లే ఉంచితే? కింద క్రెడిట్ ఇద్దాం. కేబుల్ కంపెనీకి యాక్సెస్ ఛానెల్ మీద ఎడిటింగ్ అధికారం లేదని 1984 కేబుల్ చట్టంలోనే ఉంది కూడా.

ఎడిటింగ్, 8:50
30 సెకన్ల రూలు అనేదే లేదు, క్రెడిట్ ఇస్తే హక్కు రాదు. ఆ చట్టం కేబుల్ కంపెనీ మన మాటకి కత్తెర వెయ్యకుండా. కాపీరైట్ సంగతి వేరు. పట్టుబడితే అమెరికా చట్టం ప్రకారం ఒక్కో కృతికి 750 నుంచి 30,000 డాలర్ల దాకా పరిహారం, కావాలని చేశామని తేలితే 1,50,000 దాకా. ఆ టిక్ నేను పెట్టను. కోలాటం తీసేద్దాం.

సాంస్కృతికం, 9:02
తీసేద్దాం అనడం తేలికే. ఆరు వారాల ప్రాక్టీసు అండీ! పాట ఫైలు ఆగస్టులోనే పంపాను, అప్పుడు ఒక్కరూ నోరెత్తలేదు. తల్లులకి మీరే చెప్పుకోండి.

ఎడిటింగ్, 9:06
ఆగస్టులో ఫెస్టివల్ మాటే లేదు.

కోఆర్డినేటర్, 9:20
ఇద్దరూ ఆగండి. అన్నమయ్య కీర్తన ఏదైనా వేస్తే? వందల ఏళ్ళ నాటిది కదా.

ఎడిటింగ్, మధ్యాహ్నం 12:15
సాహిత్యం పాతదే. బాణీలు చాలావరకు 20వ శతాబ్దంలో కట్టినవి, రికార్డింగు ఇంకా కొత్తది. ఏ సీడీ పెట్టినా ఇదే చిక్కు. మన వాళ్ళెవరైనా సంప్రదాయ పాట నోటితో పాడితే బొమ్మ ఉంచి శబ్దం మార్చొచ్చు. పొద్దున కాస్త దురుసుగా అన్నాను అక్కా, ఏమనుకోకండి.

సాంస్కృతికం, 12:40
సరేలెండి. మా అత్తయ్యగారు ఇక్కడే ఉన్నారు, ఊళ్ళో కోలాటం పాటలు ఆవిడే ఎత్తుకుంటారు. కొత్తగా రాసినవి కావు, తరాల నుంచి వస్తున్నవే. వంత పాడటానికి నలుగురం వస్తాం. ఢోలక్ ఉంది.

ఎడిటింగ్, 1:10
అయితే అయిపోయినట్టే. సినిమా ట్రాకు 112 బీపీఎం, అంటే నిమిషానికి 112 దెబ్బలు. మొదటి కర్ర దెబ్బ నుంచి, తాళానికి టిక్ టిక్ మనే క్లిక్ ట్రాకు చేసి పంపుతా. పాడేవాళ్ళు ఒక చెవిలో ఇయర్‌ఫోన్, రెండో చెవి ఖాళీగా. 112 బదులు 111కి జారినా చివరికొచ్చేసరికి దాదాపు సెకనున్నర వెనకబడతాం, కర్రలు మూడు దెబ్బలు తప్పుతాయి.
కర్రల చప్పుడు కూడా కొత్తగా తియ్యాలి. హాలు మైకులో కర్రలతో పాటు పాటా ఉంది, విడదియ్యలేం. పిల్లలు పాడుతున్నట్టు పెదాలు కదిపిన క్లోజప్పులు తీసేసి బాల్కనీ కెమెరా వైడ్ షాట్ వేస్తా.

ఫారాలు, 1:30
కారిడార్లో అధ్యక్షులవారి ఇంటర్వ్యూ వెనకాల కూడా అదే పాట.

ఎడిటింగ్, 1:33
విన్నా. పాట తగ్గిస్తే ఆయన గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. ఆ 3 నిమిషాల 10 సెకన్లు ఎగిరిపోవాల్సిందే. ఎపిసోడ్ 28:30 కాస్తా 25:20 అవుతుంది, ఫెస్టివల్‌కి పర్లేదు.

కోశాధికారి, 1:41
అధ్యక్షులవారికి నేను చెప్తాలెండి. ఫీజు కట్టేశా.

సాంస్కృతికం, బుధవారం రాత్రి 10:20
మా బేస్‌మెంట్లో అయిపోయింది. హీటరు, ఫ్రిజ్ ఆపి, గోడలకి బొంతలు కట్టాం. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. మూడు టేకులు, మూడోది వాడండి. రెండోదాంట్లో ఢోలక్ పరుగెత్తింది. కర్రలు విడిగా తీశాం.

ఎడిటింగ్, గురువారం రాత్రి 11:55
మూడోది అతికినట్టు కూర్చుంది. వంత దగ్గర కాస్త లాగారు, అక్కడ రెండు ముక్కలు చేసి సర్దా. మొత్తం శబ్దం స్థాయిని టీవీకి వాడే -24 ఎల్‌కేఎఫ్‌ఎస్‌కి తెచ్చా. ఛానెల్ కాపీలోనూ ఇదే పెట్టాలి, హక్కులు తెచ్చుకున్నామని ప్రొడ్యూసర్ ఫారంలో అక్కడా సంతకం పెట్టాం.

ఫారాలు, శుక్రవారం మధ్యాహ్నం 3:40
61 శాతం అప్‌లోడ్ అయింది. అత్తయ్యగారి రిలీజ్ ఫారంలో సంతకం తెలుగులో ఉంది. పర్లేదా?

ఎడిటింగ్, 3:42
బ్రహ్మాండంగా చెల్లుతుంది. కింద ఇంగ్లిష్‌లో పేరు, తేదీ వేయించండి చాలు.