అప్‌డేట్: 500 జీబీ నుంచి 2 టీబీకి మారిపోయాను

డిస్క్ నిండిపోయింది, విండోస్ మళ్లీ ఎక్కించకుండా అన్నీ ఉన్నవి ఉన్నట్టే పెద్ద డిస్క్‌లోకి మార్చుకోవచ్చా అని పోయిన వారం అడిగాను కదా. మార్చుకోవచ్చు. నిన్న రాత్రి పని పూర్తయింది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీకి వెళ్లి 2 టీబీ డిస్క్, దాన్ని బయటి నుంచి కంప్యూటర్‌కు తగిలించే సాటా టు యూఎస్‌బీ కేబుల్ తెచ్చుకున్నాను. డిస్క్‌ను ఉన్నది ఉన్నట్టే కాపీ చేసే క్లోన్‌జిల్లా సాఫ్ట్‌వేర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, దాంతోనే కంప్యూటర్ బూట్ చేశాను. సోర్స్ (పాత డిస్క్), టార్గెట్ (కొత్త డిస్క్) ఏవని అడిగిన చోట మాత్రం చాలాసేపు ఆగాను. అక్కడ తారుమారైతే నాన్నగారి ఫొటోలన్నీ పోతాయి. రెండు డిస్కుల సైజు, మోడల్ నంబరు కాగితం మీద రాసుకుని, సరిచూసుకున్నాకే ఎంటర్ నొక్కాను.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. కొత్త డిస్క్‌తో విండోస్ మామూలుగానే లేచింది కానీ సీ డ్రైవ్ పాత సైజే చూపించింది. మిగతా జాగా విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో నల్ల గీత కింద 'అన్‌అలోకేటెడ్' (దేనికీ కేటాయించనిది) అని ఉంది, సీ సైజు పెంచే 'ఎక్స్‌టెండ్ వాల్యూమ్' నొక్కుదామంటే పని చేయదు. ఎందుకంటే మధ్యలో చిన్న రికవరీ పార్టిషన్ (విండోస్ రిపేరు కోసం డిస్క్‌లో విడిగా ఉంచిన భాగం) అడ్డం ఉంది. ఖాళీ జాగా సీ పక్కనే ఆనుకుని ఉండాలట. పార్టిషన్లను జరిపే జీపార్టెడ్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఆ ముక్కను చివరికి జరిపాను. సీ పెరిగింది!

పాత డిస్క్‌ను ఇంకో నెల వరకు చెరపను, బీరువాలో పెట్టాను. సలహా ఇచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్ అండీ.