వర్జీనియా ‘వీవర్లు’ మన నేతవాళ్ళేనా? ఇంటిపేరు చూసి చెప్పొచ్చా?

చీరాల_మగ్గం:
నాతో పనిచేసే ఒక నల్లజాతి ఆవిడ వాళ్ళ అమ్మ వైపువాళ్ళు నార్త్ కరోలినా హెర్ట్‌ఫర్డ్ కౌంటీ వీవర్లు. 1710 ప్రాంతంలో వర్జీనియా లాంకాస్టర్ కౌంటీలో స్వేచ్ఛ పొందిన వీవర్లను కాగితాల్లో ‘ఈస్ట్ ఇండియన్’ (తూర్పు దేశాల నుంచి వచ్చినవాళ్ళు) అని రాశారు, ఈ వంశానికి మూలం బహుశా వాళ్ళేనని వంశచరిత్రలు తవ్వే పాల్ హైనెగ్ అంటారు. వీవర్ అంటే నేతపనివాడు. 1611 నుంచే ఇంగ్లీషు కంపెనీ మచిలీపట్నంలో కూర్చుని మన బట్టలు కొన్నది. మా తాత మగ్గం గుంటలో కూర్చుని బతికినవాడు, అందుకే ఈ పేరు వినగానే నాకు ఒళ్ళు జలదరించింది. ఇంకేం రుజువు కావాలి?

పాతకాగితం:
చాలా కావాలి, అన్నా. మన ఇంటిపేరు వెనక తరచూ ఒక ఊరు ఉంటుంది, దాన్ని పట్టుకుని వెనక్కి వెళ్ళొచ్చు. అక్కడ ఆ కాలంలో పేరు పెట్టింది యజమాని, రాసింది గుమస్తా. 1635లో జార్జ్ మెనిఫీ అనే వర్తకుడు, తీసుకొచ్చిన మనిషికి 50 ఎకరాల చొప్పున భూమి పట్టా తీసుకున్నప్పుడు ఆ జాబితాలో ‘టోనీ, ఈస్ట్ ఇండియన్’ అని ఉంది. ఆ మనిషిని కన్నతల్లి టోనీ అని పిలిచి ఉంటుందా? పైగా వీవర్ ఇంగ్లండులో మామూలు ఇంటిపేరు, పెన్సిల్వేనియాకు వచ్చిన జర్మన్ వెబర్లు కూడా వీవర్లయ్యారు. ఇంకో సంగతి, 1662 వర్జీనియా చట్టం ప్రకారం బిడ్డ బానిసా స్వతంత్రుడా అన్నది తల్లిని బట్టే, పెళ్ళి కాని తల్లి బిడ్డకు తల్లి ఇంటిపేరే వచ్చేది. కాబట్టి ఆ పేరు ఏ ఇంగ్లీషు పనిమనిషి నుంచైనా వచ్చి ఉండొచ్చు. ‘ఈస్ట్ ఇండియన్’ అన్న మాట మాత్రం విలువైనదే, ఎందుకంటే ఉత్త ‘ఇండియన్’ అంటే అక్కడ స్థానిక తెగలవాళ్ళు. కానీ అది బెంగాల్‌కీ చెల్లుతుంది, జావాకీ చెల్లుతుంది.

మేనమామ_సాక్షి:
డీఎన్ఏ చేయించొచ్చు కదా అనేవాళ్ళకి: పది తరాల వెనక మనకు 1024 మంది పూర్వీకులు, అందులో ఒక్కరి వాటా మామూలు టెస్టులో కనపడకుండా పోవచ్చు. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్ టెస్ట్ చేయించాలి. ఆవిడకు అది ఉండదు, వీవర్ పేరున్న మేనమామను అడగాలి. ఆ తండ్రి వరస దక్షిణాసియాదని తేలినా భాష తేలదు, కులం అసలే తేలదు.

చీరాల_మగ్గం:
పేరు సంగతి ఒప్పుకుంటున్నాను, తొందరపడ్డాను. అయినా కోరమాండల్ తీరాన్ని పక్కన పెట్టేయకండి, ఇంగ్లీషు కంపెనీ ఓడలు ఆగిన చోట్లలో మచిలీపట్నం ఉంది, దుగరాజపట్నం ఉంది. ఆవిడకు ఇప్పుడేం చెప్పను?

పాతకాగితం:
ఈ కాలం నుంచి ఒక్కో తరమే వెనక్కి వెళ్ళమనండి. 1850కి ముందు జనాభా లెక్కల్లో ఇంటి పెద్ద పేరొక్కటే రాసేవాళ్ళు, 1790లో వీళ్ళ వర్ణపువాళ్ళను ‘ఇతర స్వతంత్రులు’ అనే గడిలో అంకె వేసి వదిలేశారు. అందుకని కౌంటీ పన్ను జాబితాలు, వీలునామాలు, కోర్టు ఆర్డర్ పుస్తకాలు చూడాలి. హెర్ట్‌ఫర్డ్ కోర్టు కాగితాలు అగ్గిలో చాలా పోయాయి, ముందు చుట్టుపక్కల కౌంటీల్లో వెతకమనండి.